మెదడులో వాపు, కాపలా కణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పిన్ని కొడుక్కి పంతొమ్మిదో ఏట మెదడు పొరలకు టీబీ సోకింది. నా ఉద్యోగం ల్యాబులో. మెదడు కణాలను గాజు పళ్లేల్లో పెంచి, అవి ఎప్పుడు రెచ్చిపోతాయో, ఎప్పుడు చల్లబడతాయో చూడటం నా పని. అందుకే ఆ మూడు వారాలూ ఐసీయూ బయట కూర్చున్న బంధువుల ప్రశ్నలన్నీ నా దగ్గరికే వచ్చాయి. కొన్నిటికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కుదురుగా కూర్చుని రాసినవి ఇవి. నేను డాక్టర్ని కాదు, మందులు, మోతాదుల సంగతి మీ డాక్టరుగారినే అడగాలి. కణాల లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలిసినంత వరకూ చెబుతాను.

మెదడులో వాపు అంటే మెదడు ఉబ్బిపోవడమేనా?

కాదు. ఈ తికమక మన మాటలోనే ఉంది. కాలు బెణికి ఉబ్బినా వాపే అంటాం, పంటి చిగురు ఎర్రబడి సలుపుతున్నా వాపే అంటాం. డాక్టర్లు మాత్రం నీరు చేరి ఉబ్బడాన్ని ఎడీమా అనీ, రోగనిరోధక కణాలు మేల్కొని పోరుకు దిగడాన్ని ఇన్‌ఫ్లమేషన్ అనీ విడివిడిగా అంటారు. ఈ రెండోదాన్ని ఆరోగ్య పేజీల్లో ‘వాపు ప్రక్రియ’ అని రాస్తున్నారు. నేనూ ఆ మాటే వాడతాను. ఉబ్బడం ఈ ప్రక్రియ ఫలితాల్లో ఒకటి మాత్రమే. కాలు ఉబ్బితే చర్మం సాగుతుంది. పెద్దవాళ్ల పుర్రె సాగదు కాబట్టి, మెదడు కొంచెం ఉబ్బినా ఒత్తిడి లోపలే పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, మత్తు వచ్చేది అందుకే.

పేపర్లో ‘మెదడువాపు వ్యాధి’ అని రాసేది ఇదేనా?

మన పేపర్లలో ఆ పేరు ఎక్కువగా జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కి వాడతారు. అది వైరస్ జబ్బు. పందుల్లో, కొంగల్లో ఉండే వైరస్‌ను వరి మళ్ల నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు మనుషులకు చేరవేస్తాయి. కుట్టించుకున్న వాళ్లలో చాలామందికి ఏమీ కాదు. మెదడుకు పాకితే మాత్రం ప్రాణాలకు ముప్పు, బతికిన పిల్లల్లో కూడా చాలామందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది. ఆ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. టీకా ఉంది. కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వాక్ 2013లో వచ్చింది. ఈ జబ్బులో మెదడు పాడవడానికి కారణం వైరస్ ఒక్కటే కాదు. దాన్ని చూసి రెచ్చిపోయిన మెదడు సొంత కణాలకూ అందులో భాగం ఉంది. కింద చెప్పేదంతా వాటి గురించే.

మెదడులోనే రోగనిరోధక కణాలు ఉంటాయా?

ఉంటాయి. వాటి పేరు మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా వెండి రసాయనంతో రంగు పట్టించి వీటిని విడిగా గుర్తించి, పేరు పెట్టాడు. మెదడు కణాల్లో సుమారు 5 నుంచి 10 శాతం ఇవేనని అంచనా. చోటును బట్టి లెక్క మారుతుంది.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది నాకు ఎప్పటికీ పాతబడని విషయం. రక్తంలోని తెల్లకణాలు ఎముక మజ్జలో పుడతాయి కదా. మైక్రోగ్లియా అలా కాదు. ఇంకా ఎముకలే ఏర్పడని పిండంలో, దాన్ని అంటిపెట్టుకుని ఉండే సొన సంచిలో పుట్టి, మెదడు తయారవుతుండగానే అందులోకి వెళ్లి స్థిరపడతాయి. ఎలుకల్లో ఈ సంగతి 2010లో రుజువైంది. ఆ తర్వాత జీవితాంతం అక్కడే ఉంటూ, చాలా నెమ్మదిగా తమను తామే భర్తీ చేసుకుంటాయి.

వాటిని ‘నిద్రపోతున్న కణాలు’ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. 2005లో బతికున్న ఎలుకల మెదడును ప్రత్యేక మైక్రోస్కోపుతో చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. కణం ఉన్నచోటే ఉంటుంది. దాని సన్నని కొమ్మలు మాత్రం క్షణం ఆగకుండా చాస్తూ, ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతుంటాయి. లేజర్‌తో చిన్న గాయం చేస్తే నిమిషాల్లో నలువైపుల నుంచీ కొమ్మలు వచ్చి దాన్ని చుట్టేశాయి. రాత్రిపూట వీధి వీధీ తిరిగే గూర్ఖా లాంటి పని అది.

ప్రమాదం వచ్చిందని కణానికి ఎలా తెలుస్తుంది?

కణం పైపొర మీద గ్రాహకాలు అనే ప్రొటీన్లుంటాయి. ఒక్కో గ్రాహకం ఒక్కో రకం వస్తువును పట్టుకుంటుంది. టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం కొన్ని బ్యాక్టీరియాల గోడలోని ఎల్‌పీఎస్ అనే పదార్థాన్ని పట్టుకుంటుంది. ఆ జత సంగతి తేల్చిన బ్రూస్ బ్యూట్లర్‌కు 2011 నోబెల్‌లో వాటా దక్కింది. టీబీ బ్యాక్టీరియా గోడను టీఎల్‌ఆర్2 గుర్తుపడుతుంది.

సూక్ష్మజీవే రావాలని లేదు. పక్కన ఒక కణం పగిలితే అందులోని ఏటీపీ బయటికి కారుతుంది. ఏటీపీ కణం లోపల ఉన్నంతసేపు ఇంధనం, బయట కనిపించిందంటే ఎక్కడో గోడ కూలినట్టు. పీ2వై12 అనే గ్రాహకం ఆ ఏటీపీ జాడ పట్టుకుని కొమ్మలను అటు నడిపిస్తుంది. అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ ముద్దలు కూడా ఇలాంటి గ్రాహకాలను తట్టి లేపుతాయి.

దీనికి ఎదురుగా ‘అంతా బాగానే ఉంది’ అనే కబురు కూడా నిరంతరం వస్తుంటుంది. ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలు ఫ్రాక్టల్‌కైన్, సీడీ200 అనే ప్రొటీన్లను పైన ప్రదర్శిస్తాయి. మైక్రోగ్లియా వాటిని తాకినంతకాలం శాంతంగా ఉంటుంది. నాడీకణం చచ్చిపోతే ఆ కబురు ఆగిపోతుంది. కబురు ఆగడమే ఒక హెచ్చరిక.

హెచ్చరిక అందాక లోపల ఏం జరుగుతుంది?

ల్యాబులో నేను కళ్లారా చూసేది చెబుతాను. గాజు పలక మీద మైక్రోగ్లియా కణాలను పెంచి, ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రొటీన్ కనిపించేలా ఆకుపచ్చ రంగు పట్టిస్తాం. ఏమీ కలపని కణంలో చుట్టూ ఆకుపచ్చ, మధ్యలో నల్లని గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చే కేంద్రకం, అంటే జన్యువులుండే గది. పక్క పలకలోని కణాలకు ఎల్‌పీఎస్ కలిపి అరగంట ఆగి చూస్తే బొమ్మ తిరగబడి ఉంటుంది. నల్లని మచ్చ ఉన్నచోట ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, చుట్టూ చీకటి. ఎన్నిసార్లు చూసినా ఆ అరగంట మార్పుకు నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మధ్యలో జరిగింది ఇది. ఎన్‌ఎఫ్-కప్పా బి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని కదలనీయకుండా ఐకప్పాబి అనే ఇంకో ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. పైన టీఎల్‌ఆర్4కి ఎల్‌పీఎస్ తగలగానే లోపలి కొసకు మైడీ88 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది. అది ఇంకొకదాన్ని, అది మరొకదాన్ని తడుతూ పోతే, చివరికి ఐకేకే అనే ఎంజైము ఐకప్పాబి మీద ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. ముద్ర పడిన ఐకప్పాబిని కణంలోని చెత్త యంత్రం ముక్కలు చేసేస్తుంది. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా బి కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సైటోకైన్ల జన్యువులను ఆన్ చేస్తుంది. సైటోకైన్లంటే కణం నుంచి కణానికి వెళ్లే కబుర్లు.

ఎన్‌ఎఫ్-కప్పా బిని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనుగొన్నారు. యాంటీబాడీల కప్పా గొలుసు జన్యువు దగ్గర దొరికింది కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది తర్వాతి అడుగు. ఎన్‌ఎఫ్-కప్పా బి ఆన్ చేసే జన్యువుల్లో ఐకప్పాబి జన్యువు కూడా ఒకటి. అంటే తనను కట్టేసే తాడును తానే పేనుకుంటుంది. కొత్త ఐకప్పాబి తయారై, కేంద్రకంలోకి వెళ్లి, దాన్ని మళ్లీ బయటికి లాక్కొస్తుంది. మొదలుపెట్టే సంకేతంలోనే ఆపే సంకేతం ఉంది. జబ్బుల్లో తేడా వచ్చేది చాలావరకు ఇక్కడే. పైన తట్టేది తడుతూనే ఉంటే, తాడు పేనేకొద్దీ తెగిపోతుంటుంది.

ఇన్‌ఫ్లమజోమ్ అని ఇంకోటి చదివాను. అదేంటి?

ఇంటర్‌ల్యూకిన్-1 బీటా చాలా ఘాటైన కబురు, జ్వరం తెప్పించే వాటిలో ఒకటి. అందుకని కణం దాన్ని ఒక్క ఆజ్ఞతో వదలదు. మొదటి సంకేతంతో, అంటే పైన చెప్పిన దారిలో, ముడి రూపం మాత్రమే తయారవుతుంది. దాన్ని కోసి పదునుపెట్టడానికి రెండో సంకేతం కావాలి. బయటి ఏటీపీ వల్ల కణంలోంచి పొటాషియం బయటికి పోవడం అలాంటి సంకేతం. అప్పుడు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్లు ఒకచోట చేరి, ఏఎస్‌సీ అనే ఇంకో ప్రొటీన్‌తో కలిసి ఒక ముద్దగా మారతాయి. ఈ యంత్రమే ఇన్‌ఫ్లమజోమ్. యుర్గ్ చోప్ బృందం 2002లో ఇన్‌ఫ్లమజోమ్ అనే యంత్రం ఉందని చెప్పింది. అది కాస్పేజ్-1 అనే కత్తెరను లేపుతుంది. కత్తెర ఇంటర్‌ల్యూకిన్‌నూ కోస్తుంది, గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్‌నూ కోస్తుంది. రెండోదాని ముక్కలు కణం పొరకు చిల్లులు పెడతాయి. కణం పగిలి, లోపలి సరుకంతా బయట పడుతుంది. దాన్ని చూసి పక్క కణం లేస్తుంది.

మన వాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు ఇక్కడ ఒకటుంది. కొత్తగూడేనికి చెందిన తిరుమలాదేవి కన్నెగంటి అక్కడి సింగరేణి మహిళా డిగ్రీ కాలేజీలో చదివి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 సూక్ష్మజీవుల ఆనవాళ్లకు స్పందించి కాస్పేజ్-1ను లేపుతుందని చూపిన 2006 నాటి తొలి పరిశోధనల్లో ఆమెది ఒకటి. కణాలు చచ్చిపోయే మూడు దారులు నిజానికి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చెబుతూ పానాప్టోసిస్ అనే మాట తెచ్చిందీ ఆమె బృందమే.

కాపలా కణం మన నాడీకణాలనే ఎందుకు దెబ్బతీస్తుంది?

పగతో కాదు. సూక్ష్మజీవిని చంపడానికి అది వదిలే నైట్రిక్ ఆక్సైడ్, టీఎన్‌ఎఫ్ వంటివి ఎవరు శత్రువో ఎవరు ఇంటివాళ్లో చూడవు. చేలో పురుగుకు కొట్టిన మందు తేనెటీగకూ తగిలినట్టు ఇక్కడ నాడీకణానికి తగులుతుంది. పైగా మైక్రోగ్లియా ఒంటరిగా ఆగదు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా, సీ1క్యూ అనే మూడింటిని వదిలితే పక్కనున్న ఆస్ట్రోసైట్లు నాడీకణాలను పోషించే పని మానేసి వాటికి హానిచేసే రూపంలోకి మారతాయని 2017లో తేలింది. ఒక చర్మకణం పోతే కొత్తది వస్తుంది. మెదడులో పోయిన నాడీకణానికి బదులు రావడం దాదాపు ఉండదు. మిగతా అవయవాల్లో భరించే వాపును మెదడు భరించలేకపోవడానికి కారణం అది.

రక్తంలోని తెల్లకణాలు కూడా మెదడులోకి వస్తాయా?

మామూలుగా అతి కొద్దిగా. మెదడు రక్తనాళాల గోడ కణాలు సందు లేకుండా కుట్టినట్టు అంటుకుని ఉంటాయి. వాపు మొదలైతే సైటోకైన్ల ప్రభావంతో ఆ గోడ లోపలి వైపున వీక్యామ్-1 వంటి అంటుకునే ప్రొటీన్లు మొలుస్తాయి. రక్తంలో కొట్టుకుపోతున్న టీ కణం అనే తెల్లకణం వాటిని పట్టుకుని ఆగి, గోడలోంచి దూరి లోపలికి వస్తుంది. రోగనిరోధక కణాలు సొంత మెదడు మీదే దాడిచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బులో వాడే నటాలిజుమాబ్ అనే మందు సరిగ్గా ఈ పట్టునే అడ్డుకుంటుంది. అడ్డుకున్నందుకు ఒక మూల్యం కూడా ఉంది. కాపలా తగ్గడంతో కొద్దిమందిలో జేసీ అనే వైరస్ మెదడులో విజృంభించి ప్రాణాంతకమైన జబ్బు తెచ్చింది. అందుకే ఆ మందు వాడేవాళ్లకు రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు.

టీబీ ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ ఇస్తారేంటి? ఉన్న శక్తి కూడా పోదా?

మా పిన్ని ఐసీయూ మెట్ల మీద నన్ను పట్టుకుని అడిగిన మాట ఇది. “ఏమే, పురుగు లోపల ఉందంటూనే దాంతో పోరాడే శక్తిని తగ్గించే మందు ఇస్తున్నారట. వాడు నాకు దక్కుతాడా?” ఆ రోజు “డాక్టర్లకు తెలుసులే పిన్నీ” అన్నాను. అది జవాబు కాదు. అసలు జవాబు ఇదీ.

మెదడు పొరల టీబీలో మైక్రోగ్లియా, రక్తం నుంచి వచ్చిన కణాలు కలిసి మెదడు అడుగున చిక్కటి జిగురు లాంటి పదార్థాన్ని పేర్చేస్తాయి. అది మెదడు నీరు పారే దారులను మూస్తుంది, అటుగా పోయే రక్తనాళాలను ఒత్తి పక్షవాతం తెస్తుంది. అంటే బ్యాక్టీరియాను చంపే మందులు పనిచేస్తున్నా, వాపు వల్ల మనిషి చనిపోవచ్చు. డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి తన గ్రాహకంతో కలిసి కేంద్రకం చేరి, ఎన్‌ఎఫ్-కప్పా బి పనికి అడ్డుపడుతుంది. వాపును ఆపే జన్యువులను కూడా ఆన్ చేస్తుంది. వియత్నాంలో 545 మంది మీద చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో, టీబీ మందులతోపాటు ఇది ఇచ్చినవాళ్లలో మరణాలు 32 శాతం, ఇవ్వనివాళ్లలో 41 శాతం. ప్రాణం నిలిచినవాళ్లు పెరిగారు. వైకల్యం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఇది కూడా చెప్పాలి.

అందరికీ ఒకేలా పనిచేయదు కూడా. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో అలాంటి లాభం కనిపించలేదని 2023లో ఇంకో పరీక్షలో తేలింది. టీబీ మీద పరిశోధించే లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేపల్లో చూసి చెప్పింది మరీ ఆలోచింపజేస్తుంది. టీఎన్‌ఎఫ్ తక్కువైనా టీబీ గెలుస్తుంది, ఎక్కువైనా టీబీయే గెలుస్తుంది. ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అనే ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఆ చేపలు గుర్తొస్తాయి. పెరగడం ఒక్కటే మంచిదైతే మా తమ్ముడికి స్టెరాయిడ్ అవసరమే ఉండేది కాదు.

ఇంకో మాట. స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపొద్దు. వారాల తరబడి బయటి నుంచి అందుతుంటే శరీరం తన సొంతది తయారుచేయడం తగ్గిస్తుంది. మెల్లమెల్లగా తగ్గించేది అందుకే.

వెన్నులో నీరు తీస్తే నడుము పడిపోతుందా?

పడిపోదు. ఈ భయంతో సంతకం పెట్టకుండా రెండు రోజులు వృథా చేసిన కుటుంబాలను చూశాను. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికి కింద, నీరు, అందులో తేలే నరాల పోగులు ఉండే చోట. తర్వాత తలనొప్పి రావచ్చు, తగ్గిపోతుంది. స్కానింగులో ఒత్తిడి బాగా ఎక్కువగా కనిపిస్తే డాక్టర్లే ఆ పరీక్ష వాయిదా వేస్తారు.

మా తమ్ముడి నీరు తీసినప్పుడు ఆ గాజు గొట్టం నాకు చూపించారు. చుక్కలు చుక్కలుగా పడిన నీరు మామూలుగా మంచినీళ్లలా తేటగా ఉండాలి. అది లేత పసుపుగా ఉంది. కాసేపు కదపకుండా నిలబెడితే మధ్యలో సాలెగూడు లాంటి సన్నని తెర కట్టింది. ప్రొటీన్ ఎక్కువైతే అలా కడుతుంది, టీబీలో ఇది పాత గుర్తు. ఆ చిన్న తెర చూశాకే రెండు వారాలుగా ‘టైఫాయిడ్’ అని వాడిన మందులు ఎందుకు పనిచేయలేదో మాకు అర్థమైంది.

జ్వరం లేకుండా మనిషి ప్రవర్తన మారిపోతే అదీ మెదడు వాపేనా?

కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి కొద్దిరోజుల్లోనే నిద్ర మానేసి, అర్థం లేకుండా మాట్లాడుతూ, మూతి, చేతులు వింతగా కదిలిస్తూ, ఫిట్స్‌తో పడిపోతే మన ఊళ్లలో గాలి సోకిందంటారు, దయ్యం అంటారు. 2007లో జోసెప్ దాల్మావ్ బృందం ఇలాంటి కొందరిలో ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడిచేసే యాంటీబాడీలను గుర్తించింది. ఆ యాంటీబాడీలు నాడీకణం మీది గ్రాహకాలను జతలుగా పట్టి లోపలికి లాగేస్తాయి. కొందరు ఆడపిల్లల్లో అండాశయంలోని గడ్డ దీనికి మూలం. గడ్డ తీసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తే నెలలు పట్టినా చాలామంది కోలుకుంటారు. దయచేసి మంత్రగాడి దగ్గర రోజులు పోగొట్టుకోవద్దు, న్యూరాలజిస్టుకు చూపించండి.

అల్జీమర్స్‌కూ దీనికీ సంబంధం ఏమిటి?

గట్టి సంబంధమే ఉంది. మైక్రోగ్లియా మీదుండే ట్రెమ్2 అనే గ్రాహకంలో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లని 2013లో తెలిసింది. ఆ మార్పు గ్రాహకాన్ని బలహీనపరుస్తుంది. అంటే ఇక్కడ చిక్కు కణం మరీ లేవడం వల్ల కాదు, లేవాల్సినప్పుడు సరిగ్గా లేవకపోవడం వల్ల. మరోవైపు, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 తీసేసిన ఎలుకల్లో అమిలాయిడ్ తగ్గి జ్ఞాపకశక్తి నిలిచిందని అదే ఏడు ఇంకో పరిశోధన చెప్పింది. రెండూ నిజమే. మామూలు నొప్పి మాత్రలతో అల్జీమర్స్‌ను ఆపొచ్చేమో అని పెద్ద పరీక్ష పెట్టి చూశారు, ఆపలేదు. నొప్పి మాత్ర ప్రోస్టాగ్లాండిన్లు అనే నొప్పి, జ్వరం తెచ్చే రసాయనాలు తయారయ్యే దారిని మూస్తుంది, పైన చెప్పిన దారుల్లో చాలావాటిని అది తాకదు.

పసుపు వాపును తగ్గిస్తుంది కదా, రోజూ పాలల్లో తాగితే?

పసుపులోని కర్క్యుమిన్ ల్యాబులో, పళ్లెంలోని కణాల్లో ఎన్‌ఎఫ్-కప్పా బిని తగ్గిస్తుంది. ఆ మాట వాస్తవం. కానీ పళ్లెంలో మేం పోసినంత గాఢత, నోటితో తాగిన పసుపు నుంచి మెదడుకు చేరదు. అది పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేదే చాలా తక్కువ, వెళ్లిన కాస్తనూ కాలేయం త్వరగా మార్చేస్తుంది. పసుపు పాలు ఇష్టంగా తాగండి. మెదడు వాపుకు మందు అనుకుని మాత్రం ఆగిపోవద్దు.

ఎక్కువ టెన్షన్ పడితే మెదడులో వాపు వస్తుందా?

ఎలుకలను వారాల తరబడి ఒత్తిడిలో ఉంచితే మైక్రోగ్లియా కొంత ఉద్రేకంగా మారుతుంది. మనుషుల్లో అంత స్పష్టంగా తేలలేదు. పరీక్షల టెన్షన్‌తో మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, రాదు.

ఏ లక్షణాలుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

జ్వరంతో పాటు తగ్గని తలనొప్పి, వాంతులు, మెడ వంచలేకపోవడం, మగత, ఫిట్స్, పొంతన లేని మాటలు. పసిపిల్లల్లో పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. టీబీ అయితే ఇంత హడావుడిగా రాకపోవచ్చు. రెండు మూడు వారాల పాటు సన్నని జ్వరం, తలనొప్పి, బరువు తగ్గడంతో మెల్లగా వస్తుంది. అందుకే తప్పిపోతుంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా చిన్నపిల్లలను ఈ రకం టీబీ నుంచి బాగా కాపాడుతుంది, దాన్ని మానొద్దు.

మందులు మొదలుపెట్టాక తలనొప్పి మళ్లీ పెరిగింది. మందు పనిచేయనట్టేనా?

తప్పనిసరిగా అలా కాదు, కానీ అదే రోజు డాక్టరుకు చెప్పాలి. మందులకు చస్తున్న బ్యాక్టీరియా ముక్కలు కూడా అవే గ్రాహకాలను తడతాయి. చచ్చిన పురుగుకీ బతికిన పురుగుకీ టీఎల్‌ఆర్2కి తేడా తెలియదు. దాంతో జబ్బు తగ్గుతుండగానే వాపు పెరిగి, పాత గడ్డ స్కానింగులో పెద్దదిగా కనిపించవచ్చు. మందుకు లొంగని టీబీ కాదని తేల్చుకున్నాక డాక్టర్లు టీబీ మందులు ఆపకుండా స్టెరాయిడ్‌ను సరిచేస్తారు.

మా తమ్ముడికి రెండో నెలలో ఇదే జరిగింది. తగ్గించుకుంటూ వస్తున్న మోతాదును మళ్లీ పెంచి, ఇంకా నెమ్మదిగా దించారు. టీబీ మందులు ఏడాది వాడాడు. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం. ఎడమ చెవి వినపడదు కాబట్టి భోజనానికి కూర్చున్నప్పుడు పిన్ని ఎప్పుడూ వాడి కుడిపక్కనే కూర్చుంటుంది.